రానివారిని ఎరిగిన సంఘం

(శ్రీకాకుళంలో సంఘ పెద్దలు, స్త్రీల సమాజ నాయకుల కూడికలో ఒక గ్రామ సంఘ పెద్ద చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సంఘకాపరులకు, ఇచ్ఛాపురం, సోంపేట మొదలుకొని ఇటు రాజాం, పాలకొండ దాకా రకరకాల సంఘాల నుంచి వచ్చిన పెద్దలకు, స్త్రీల సమాజాల తల్లులకు, అక్కచెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు. నేను పాస్టరును కాను. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, మా ఊరి సంఘంలో ఒక పెద్దను. కాబట్టి నా మాటల్లో ప్రసంగ పీఠపు ధాటి కన్నా బడిపంతులు చాదస్తం ఎక్కువ కనబడితే ఓర్చుకోవాలని మనవి.

నాకు ఇచ్చిన అంశం క్రైస్తవ సహవాసం, క్రమం తప్పని ఆరాధన. ఈ అంశం మీద మన మందిరాల్లో చేసే ప్రసంగాలకు ఒక చిక్కు ఉంది. ఆ మాట ఎవరు వినాలో వారు ఆ రోజు అక్కడ ఉండరు. వచ్చినవాళ్లే రానివాళ్ల వంతు చీవాట్లు కూడా తిని ఇళ్లకు పోతారు. అందుచేత ఈ రోజు నేను రానివారిని గురించి వచ్చినవారితోనే, అందులోనూ కూడికలు నడిపే మనబోటి వాళ్లతోనే మాట్లాడదలచుకున్నాను. ఆదివారం నాడు మందిరం నిండిందా లేదా అని మనం చూసుకుంటాం, కాని ఆ నాడు ఎవరు రాలేదో, వారు ఎందుకు రాలేకపోయారో మధ్యాహ్నానికి మనలో ఎంతమందికి తెలుసు అన్నదే ఆ కూడిక సహవాసమో కాదో తేల్చే సంగతి అని నా అభిప్రాయం. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయంలోని 24, 25 వచనాలు మనలో చాలామందికి కంఠతా వచ్చినవే: "కొందరు మానుకొనుచున్నట్టుగా, సమాజముగా కూడుట మానక, ఒకనినొకడు హెచ్చరించుచు, ఆ దినము సమీపించుట మీరు చూచిన కొలది మరి యెక్కువగా ఆలాగు చేయుచు, ప్రేమచూపుటకును సత్కార్యములు చేయుటకును ఒకనినొకడు పురికొల్పవలెనని ఆలోచింతము." మందిరానికి రానివారి మీద ప్రయోగించడానికి ఈ వచనాలను తరచుగా వాడుతాం గాని, ఇందులో పని ఎవరికి అప్పగించారో అంతగా చూడం. హెచ్చరించే పని, పురికొల్పే పని ఇక్కడ కాపరి ఒక్కడి మీద పెట్టలేదు, కూడుకున్న వారందరి మీదా పెట్టారు. అంటే వచ్చినవాడు వినడానికి మాత్రమే వస్తే సగం పనే చేసినట్టు. ఎవరికో ధైర్యం చెప్పడానికీ, తనకు ఎవరైనా ధైర్యం చెబితే కాదనకుండా పుచ్చుకోవడానికీ కూడా రావాలి. ఆ పత్రిక అందుకున్నవారు తేలికగా బతుకుతున్న జనం కూడా కారు. ఆ కిందనే, 32 నుంచి 34 వచనాల దాకా చదివితే, వారు నిందలు పడ్డారనీ, ఖైదులో ఉన్నవారి పట్ల కనికరం చూపారనీ, ఆస్తి పోయినా తట్టుకున్నారనీ కనిపిస్తుంది. అంత చేసినవారిలోనే కొందరు కూడుకోవడం మానుకున్నారు. ఎందుకు మానుకున్నారో పత్రిక చెప్పలేదు. భయమో, అలసటో, ఇంకేదో అయి ఉండవచ్చు. మానినవారిని సోమరులని అనకుండా, మిగిలినవారిని ఆలోచించమని చెప్పడం అందులోని మర్యాద.

మనకు ఆదివారం సెలవు గనుక, ఆదివారపు ఆరాధన సెలవునాటి పని అని మనకు తెలియకుండానే ఒక భావం ఏర్పడింది. మొదటి మూడు వందల ఏళ్ల క్రైస్తవులకు ఆ సౌకర్యం లేదు. వారిలో చాలామందికి ఆదివారం అందరితో పాటు పనిదినమే, బానిసలకైతే ఏ దినమూ తమది కాదు. అపొస్తలుల కార్యముల ఇరవయ్యో అధ్యాయంలో త్రోయ పట్టణంలోని విశ్వాసులు వారపు మొదటి దినాన రొట్టె విరవడానికి కూడుకున్నది రాత్రి వేళ. మేడగదిలో దీపాలు చాలా ఉన్నాయి, పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్రకు జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. (పొడవైన ప్రసంగాలు చేసే సోదరులు ఈ భాగాన్ని అప్పుడప్పుడు చదువుకోవడం మంచిది, పడినవాణ్ణి లేపే శక్తి పౌలుకు ఇచ్చినట్టు మనందరికీ ఇచ్చారని రాసి లేదు.) సా.శ. 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ ఉత్తర తీరంలోని బితూనియ, పొంతు ప్రాంతాలను పాలించిన ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖ ఇప్పటికీ ఉంది. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కూడుకుని, క్రీస్తును దేవుడిగా భావించి కీర్తన పాడతారనీ, దొంగతనం, వ్యభిచారం చేయబోమనీ, మాట తప్పబోమనీ, తమ దగ్గర దాచిన సొమ్మును కాదనబోమనీ ప్రమాణం చేస్తారనీ, విడిపోయి మళ్లీ కలుసుకుని కలిసి భోజనం చేస్తారనీ అందులో ఉంది. ఆ వివరాలు రాబట్టడానికి సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు దాసీలను హింసించానని కూడా ఆయనే రాసుకున్నాడు. పొద్దు పొడవక ముందే ఎందుకు కూడుకున్నారంటే, పొద్దు పొడిచాక వారిలో చాలామంది యజమానుల పనికి పోవలసి ఉండడం వల్ల కావచ్చు. ఆదివారాన్ని విశ్రాంతి దినం చేస్తూ కాన్‌స్టంటైన్ చక్రవర్తి శాసనం ఇచ్చింది 321లో. ఆ శాసనం కూడా నగరాల్లోని న్యాయాధిపతులకు, ప్రజలకు, చేతిపనుల వారికి సెలవు ఇచ్చి, పల్లెల్లో వ్యవసాయం చేసేవారు అదను తప్పకుండా పని చేసుకోవచ్చని వదిలిపెట్టింది. పల్లె సంగతి అప్పుడూ వేరే.

150 దాటిన కొన్నేళ్లకు రోములో జస్టిన్ అనే విశ్వాసి క్రైస్తవుల తరఫున చక్రవర్తికి ఒక విన్నపం రాస్తూ, ఆదివారం నాడు తాము ఏమి చేస్తారో వివరించాడు. పట్టణంలో ఉన్నవారు, పల్లెల్లో ఉన్నవారు ఒక చోట చేరతారు. అపొస్తలుల రచనలనో ప్రవక్తల గ్రంథాలనో సమయం ఉన్నంతసేపు చదువుతారు. అధ్యక్షుడు హితవు చెబుతాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు. ఇంతవరకు మనకు తెలిసిన క్రమమే. ఆ తర్వాత ఆయన రాసిన మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను: రానివారికి వారి భాగాన్ని పరిచారకులు తీసుకువెళ్లి ఇస్తారు. ఇవ్వగలిగినవారు ఇచ్చిన కానుక అధ్యక్షుడి దగ్గర ఉంచితే, దానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, ఖైదీలను, పొరుగూళ్ల నుంచి వచ్చి దిక్కులేకుండా ఉన్నవారిని ఆదుకుంటారు. ఒక చిన్న సంగతి గమనించండి. రానివాడి భాగం ఇంటికి పంపాలంటే ముందుగా వాడు రాలేదని తెలియాలి, వాడి ఇల్లు తెలియాలి, వాడు జ్వరంతో ఉన్నాడో జైల్లో ఉన్నాడో తెలియాలి. ఆ ఆరాధన క్రమంలోనే రానివారి లెక్క ఉంది. మన ఆరాధన క్రమంలో ప్రకటనలు ఉన్నాయి, కానుకల లెక్క ఉంది, అతిథులకు శాలువాలు కూడా చేరాయి. రానివారికి చోటు ఎక్కడ ఉంది?

కూడుకోవడం ప్రాణాల మీదికి వచ్చిన రోజుల్లో వారు ఏమి చేశారన్నది మరో ఉదంతం చెబుతుంది. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల కూడికలను నిషేధించి, మందిరాలు కూల్చి, గ్రంథాలు తగలబెట్టమన్నాడు. 304లో ఉత్తర ఆఫ్రికాలోని అబితినే అనే ఊరిలో ఒక ఇంట్లో కూడుకున్న 49 మందిని పట్టుకుని కార్తేజీకి తీసుకుపోయి విచారించారు. ఆజ్ఞను ఎందుకు మీరారని అధికారి అడిగితే, ప్రభువు దినపు కూడిక లేకుండా మేము ఉండలేము అని ఎమెరితు అనే ఆయన చెప్పిన సమాధానం ఆ విచారణ వృత్తాంతంలో నిలిచిపోయింది. ఉండకూడదు అనలేదు, ఉండలేము అన్నాడు. కూడిక అక్కడ నియమం స్థాయి దాటి ఆకలి స్థాయికి చేరింది. మన పిల్లలకు నియమం నేర్పగలిగాం గాని, ఆ ఆకలి పుట్టించగలిగామా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే.

మన ప్రాంతం సంగతికి వస్తాను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో శ్రీకాకుళం, టెక్కలి, బొబ్బిలి, విజయనగరం వైపు కెనడా బాప్టిస్టులు, సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్లు పని చేశారు. మిషనరీల పేర్లు మనం చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. అయితే పల్లెల్లో సంఘాన్ని వారం వారం నిలబెట్టినవారు మిషనరీలు కారు. ఒక కాపరికి నాలుగైదు ఊళ్లు అప్పగిస్తే, ఆయన లేని ఆదివారాల్లో అక్షరాలు వచ్చిన ఒకరు వాక్యం చదివేవారు, ఒక పెద్దామె పాట ఎత్తుకునేది, తక్కినవారు అందుకునేవారు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను చదువు రానివారు కూడా మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా పాడగలిగారంటే, అది పుస్తకం చేసిన పని కాదు. ఒకరు మరచిన చరణాన్ని పక్కవారు అందించే అలవాటు చేసిన పని. సహవాసం అన్న మాటకు నాకు తెలిసిన మంచి నిదర్శనం ఇదే.

ఇప్పుడు ఫోను సంగతి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చి మందిరాలు మూతపడ్డాయి. జూన్ 8 నుంచి తెరవడానికి అనుమతి వచ్చింది. ఆ మధ్యకాలంలో, ఆ తర్వాత కూడా చాలా నెలలు, ఆరాధన యూట్యూబులోకి, ప్రార్థన వాట్సాప్‌లోకి చేరాయి. దాన్ని నేను తప్పుపట్టను. మంచం పట్టిన వృద్ధులకు, దూరదేశంలో ఉన్న పిల్లలకు అది ఇప్పటికీ మేలే చేస్తోంది. కాని మందిరాలు తెరిచాక కూడా కొందరు ఆరోగ్యంగా ఉండి, తీరిక ఉండి, ఇంట్లోనే ఆరాధన చూడడానికి అలవాటు పడ్డారు. వారు అడిగే ప్రశ్నలో న్యాయం లేకపోలేదు: హైదరాబాదులోని పెద్ద సంఘంలో ఇంతకన్నా మంచి ప్రసంగం, ఇంతకన్నా మంచి సంగీతం ఉన్నప్పుడు, మన ఊరి మందిరంలో సరిగా పలకని మైకు ముందు ఎందుకు కూర్చోవాలి? కూడిక అంటే ప్రసంగం వినడమే అయితే వారి మాటే నిజం, మనం మందిరానికి తాళం వేసుకోవచ్చు. కాని నువ్వు ఆ వారం ఆరాధన పెట్టుకోలేదని ఆ ఫోనుకు తెలియదు, తెలిసినా దానికి పట్టదు. ఆ పెద్ద సంఘపు పాస్టరు గారికి నువ్వు ఉన్నావనే తెలియదు. నీ మొహం వాడిపోయిందని పక్కనున్న మనిషి గుర్తుపట్టే వీలు అక్కడ లేదు. పక్కవారి మొహం వాడిపోయిందని నువ్వు గుర్తుపట్టే బాధ్యత కూడా అక్కడ నీకు లేదు. ఆ రెండోదే మనకు హాయిగా ఉందేమో ఎవరికి వారు తరచి చూసుకోవాలి.

యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ప్రభువు లేచిన నాటి సాయంకాలం శిష్యుల మధ్యకు వస్తే తోమా అక్కడ లేడు. తర్వాత వారు ప్రభువును చూశామని చెబితే నమ్మనన్నాడు. సాధారణంగా మనం తోమా అవిశ్వాసం దగ్గరే ఆగిపోతాం. నమ్మనని అంత గట్టిగా చెప్పినవాడు ఎనిమిది దినాల తర్వాత వారితో కలిసి అదే ఇంట్లో ఎందుకు ఉన్నాడో ఆలోచించండి. నమ్మనివాడికి మా మధ్య చోటు లేదని వారు అనలేదు, నమ్మలేకపోతున్నాను గనుక రానని అతడూ అనలేదు. సందేహంతో సహా వచ్చి కూర్చునే చోటు అతనికి దొరికింది, అక్కడే ప్రభువు కనిపించాడు. నేడు మన కాలేజీ పిల్లల్లో సందేహాలు ఉన్నవారు మందిరం మానేస్తున్నారంటే, సందేహం పైకి చెప్పినవాణ్ణి మనం ఎలా చూశామో కూడా అడగవలసి ఉంటుంది.

కొరింథు సంఘంలో కూడికకు మరో జబ్బు పట్టింది. ప్రభు రాత్రి భోజనానికని కూడుకుని, ముందుగా వచ్చినవారు తమ భోజనం తాము కానిచ్చేవారు. ఒకడు ఆకలితో ఉండేవాడు, ఒకడు మత్తుగా ఉండేవాడు. పౌలు వారిని గద్దించి, చివరికి చెప్పిన పరిష్కారం ఎంతో మామూలుది: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి. ఆలస్యంగా వచ్చినవారు పని చేసుకు బతికేవారై ఉంటారని చాలామంది వ్యాఖ్యాతల ఉద్దేశం. మన ఊళ్లలో ఉభాల (వరినాట్ల) రోజులు వస్తే ఆదివారం పొద్దున పదిన్నర ఆరాధనకు ఎవరు రాగలరు? వాన పడి దమ్ము పట్టిన మడిలో ఆకు వేయకపోతే ఆ ఇంటికి కూలి లేదు, ఆ రైతుకు పంట లేదు. మడిలో వరసన వంగి నాటే ఆడవాళ్లలో ఒకామె వెనకబడితే, అటు పక్కామె, ఇటు పక్కామె తలా నాలుగు కుదుళ్లు ఆమె వైపు వేసి వరస కలుపుకుంటారు. ఆమెను వదిలి ముందుకు పోవడం అక్కడ మర్యాద కాదు. పొలంలో ఆ మర్యాద పాటించే మనమే మందిరంలో గంట కొట్టి, వచ్చినవారితో మొదలుపెట్టి, రానివారిని భక్తిలేనివారని అంటున్నాం. ఉభాల నెలలో ఆరాధన సాయంత్రానికి మార్చుకుంటే తప్పేమీ లేదు. త్రోయలో రాత్రి కూడుకున్నారు, బితూనియలో తెల్లవారుజామున కూడుకున్నారు. పదిన్నర అన్న వేళ వాక్యంలో ఎక్కడా లేదు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఎత్తకుండా ఈ అంశం ముగించడం నిజాయితీ అనిపించుకోదు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపే సంఘాన్ని ఆయన నిలదీశాడు. మన దగ్గర ఉంగరం కన్నా ముందు వీధి పేరు చూస్తారు. ఒకే ప్రభువు బల్ల దగ్గర చేయి చాపినవారు పెళ్లి భోజనం దగ్గర వేరు పంక్తుల్లో కూర్చోవడం, ఒక కులం వారు ఎక్కువగా ఉన్న సంఘంలో మరో కులం నుంచి వచ్చిన కుటుంబం ఏళ్ల తరబడి వెనక వరసలోనే ఉండిపోవడం మనకు తెలియనివి కావు. ఆ కుటుంబం ఒక రోజు రావడం మానేస్తే, దాన్ని ఆత్మీయ బలహీనత అని మన పుస్తకంలో రాసుకోవడం అన్యాయం. మానుకున్నది వారు కాదు, వారిని కలుపుకోవడం మానుకున్నది మనం.

రాదలచినా రాలేనివారు ఈ జిల్లాలో ఎక్కువే. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు పడినవారు వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉంటారు. ఆ మర్నాడు లేచి కూర్చోవడమే వారికి గగనం. తీర గ్రామాల మత్స్యకారులు నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిలో కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉండిపోయారు. అలాంటి ఇళ్లలో ఆడవాళ్లు ఆదివారాలు ఎలా గడిపి ఉంటారో ఊహించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను పడగొట్టిన తర్వాత ఇల్లు వదిలి హైదరాబాదు, చెన్నై వైపు కూలికి పోయిన కుటుంబాలు ఎన్నో. వీరందరూ మన హాజరు పుస్తకంలో రానివారే. హెబ్రీయుల పత్రిక ఖైదులో ఉన్నవారిని వారితో కూడ బంధింపబడినట్టే తలచుకోమంటుంది. అలా తలచుకోవాలంటే వారి పేర్లు తెలియాలి, పేర్లు పలకాలి. "దూరప్రాంతాల్లో ఉన్న బిడ్డలందరి కోసం" అని ఒక్క మాటలో చుట్టబెట్టే ప్రార్థన నాకు తృప్తి ఇవ్వదు. పేరు పేరునా చేస్తే ప్రార్థన పెరుగుతుందని కొందరు విసుక్కుంటారు. ప్రకటనలు తగ్గించుకుంటే సరిపోతుంది.

ఇక చేయవలసిన పని. మిజోరం సంఘాల్లో 1910 నుంచి స్త్రీలు వంట చేసేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుని పనికని పక్కన పెట్టే అలవాటు ఉంది. పేదింటివారు కూడా సంఘాన్ని మోయగలరని అది చూపింది. మన ఇళ్లలోనూ పిడికెడు బియ్యం తీసే తల్లులు ఉన్నారు. ఆ బియ్యం ఆదివారం మందిరానికి చేరాక వేలం పాడి కానుకల్లో కలపకుండా, అందులో కొంత ఆ సాయంత్రమే రానివారి ఇంటికి, అవసరం ఉన్న ఇంటికి, వెళితే బాగుంటుందని నా మనవి. ఖాళీ చేతులతో వెళ్లిన పెద్ద తనిఖీకి వచ్చినట్టు కనబడతాడు.

వెళ్లేవారు ఇద్దరుగా వెళ్లండి, వారిలో ఒక స్త్రీ ఉండాలి, హాజరు పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లవద్దు. గుమ్మంలో నిలబడి "ఎందుకు రాలేదు" అని అడగవద్దు. ఆ ప్రశ్నకు సాకు తప్ప జవాబు రాదు. ఈ వారం ఎలా గడిచింది అని అడిగి, వారు చెప్పింది విని, ఒప్పుకుంటే చిన్న ప్రార్థన చేసి, పొద్దుపోక ముందే లేచి రండి. సంఘంలో ఎవరి వల్లనో నొచ్చుకుని మానేసినవారైతే, ఆ నొప్పి కలిగించినవారి తరఫున వాదించవద్దు. వలస వెళ్లినవారు ఏ నగరంలో ఏ పేటలో ఉన్నారో కనుక్కుని, అక్కడి సంఘానికి మన సంఘం తరఫున ఒక ఉత్తరం రాసి పంపండి. కొరింథుకు, రోముకు పోయే విశ్వాసుల చేతికి పౌలు అలాంటి పరిచయపు మాటలే రాసి ఇచ్చాడు. సంఘ పరిచారకురాలైన ఫీబే రోముకు వెళ్లింది అలాంటి మాటతోనే.

మధ్యాహ్న భోజనం తర్వాత ఊరివారీగా కూర్చోబోతున్నాం. ప్రతి ఊరి వారు, గడచిన ఆదివారం తమ సంఘంలో ఎవరెవరు లేరో జ్ఞాపకం ఉన్నంతవరకు ఒక కాగితం మీద రాసి, ఆ పేర్ల ఎదుట ఎవరు ఎప్పుడు వెళ్లబోతున్నారో కూడా రాయాలని కోరుతున్నాను. కాగితాలు అధ్యక్షుల బల్ల మీద ఉన్నాయి.